పోకర్ టోర్నమెంటులో గుండెదడ, పొరపాట్లు: కొన్ని అనుభవాలు, కొన్ని సూచనలు

సంక్రాంతికి చుట్టాలొస్తే భోజనాలయ్యాక చాప పరిచి, పేక ముక్కలు కలిపి, అర్ధరాత్రి దాకా రమ్మీ ఆడటం మన తెలుగువాళ్ళలో చాలామందికి చిన్నప్పటి నుంచీ అలవాటైన సరదానే. మోరిస్‌విల్, కేరీ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్ళలో కొందరు ఇప్పుడు ఆ సరదాని పోకర్ వైపు మళ్ళించారు. కంప్యూటర్ మీద కొన్నాళ్ళు ఆడి, నాలుగు పుస్తకాలు చదివి, లెక్కలన్నీ బాగానే నేర్చుకుంటారు. తీరా చెరొకీలోనో డాన్‌విల్‌లోనో నిజమైన టోర్నమెంటుకు వెళ్ళి, తొమ్మిదిమంది కొత్తవాళ్ళ మధ్య బల్ల దగ్గర కూర్చున్నాక మాత్రం చేతులు వణుకుతాయి, గొంతు ఎండిపోతుంది, తెలిసిన లెక్క కూడా గుర్తుకు రాదు. "ఇంట్లో బాగా ఆడతాను, అక్కడికెళ్తే ఏమవుతుందో తెలియదండీ" అని అడిగే మిత్రులు ప్రతి ఏడాదీ కనీసం ఇద్దరు ముగ్గురైనా తగులుతుంటారు. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చిన విషయాలను ఒకచోట చేర్చి ఈ వ్యాసం రాస్తున్నాను. కొన్నేళ్ళుగా ఏడాదికి రెండు మూడుసార్లు ఇలాంటి టోర్నమెంట్లు ఆడుతున్న ఒక మామూలు ఉద్యోగస్తుడి మాటలుగా వీటిని తీసుకోండి. పోకర్ మీద బతికే నిపుణుణ్ణి కాను సుమా!

టోర్నమెంటు అంటే ఏమిటి?

ఎప్పుడూ ఆడనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ప్రవేశ రుసుము ఒక్కసారి కట్టాలి. దానికి బదులు అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. మీ ముందు 20,000 చిప్స్ ఉన్నాయంటే 20,000 డాలర్లు ఉన్నట్టు కాదు. అవి ఆ ఆటలో మాత్రమే చెల్లే బిళ్ళలు. ప్రతి ఆటలోనూ ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందాలను బ్లైండ్స్ అంటారు. ఇవి కొన్ని నిమిషాలకొకసారి పెరుగుతూ పోతాయి కాబట్టి ఊరికే కూర్చుంటే చిప్స్ కరిగిపోతాయి. చిప్స్ అయిపోయినవాళ్ళు ఇంటికి, చివరిదాకా మిగిలినవాళ్ళకు బహుమతులు. సాధారణంగా ఆడినవారిలో నూటికి పది, పదిహేనుమందికే ఏదో ఒక బహుమతి వస్తుంది. అంటే బాగా ఆడేవాళ్ళు కూడా ఎక్కువసార్లు ఖాళీ చేతులతోనే తిరిగొస్తారన్నమాట. ఈ ఒక్క విషయం ముందే మనసుకు పట్టించుకుంటే సగం భయం తగ్గుతుంది.

రెండు కోర్టులు, రెండు చూపులు

గుండెదడకు మూలం ఎక్కడుందో చెప్పడానికి రెండు కోర్టు తీర్పులు నాకు బాగా పనికొస్తాయి. మొదటిది మన ఊరి వైపుది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో ఆలోచించాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అనీ, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదనీ కోర్టు చెప్పింది.

రెండోది మా పక్క ఊరిది. మోరిస్‌విల్‌కు ఆనుకునే ఉన్న డర్హం కౌంటీలో జోకర్ క్లబ్ అనే సంస్థ పోకర్ క్లబ్బు పెట్టాలనుకుంది. జిల్లా ప్రాసిక్యూటర్ అది చట్టవిరుద్ధమన్నారు. క్లబ్బు కోర్టుకెక్కింది. 2007లో నార్త్ కరొలైనా అప్పీళ్ళ కోర్టు పోకర్‌ను అదృష్టపు ఆటగానే తేల్చింది. మనిషిని చదవడం, లెక్కలు కట్టడం వంటి నైపుణ్యాలు గెలుపు అవకాశాన్ని పెంచుతాయని ఒప్పుకుంటూనే, ఎంత నైపుణ్యమున్నా రెండును ఆసుగా మార్చలేం కదా అంది.

ఆటగాడిగా చూస్తే ఈ రెండు మాటలూ నిజమే! ఒక్క ఆట వరకు తీసుకుంటే డర్హం కేసులో కోర్టు అన్నదే కరెక్టు, ముక్క మన మాట వినదు. వెయ్యి ఆటలు కలిపి చూస్తే, ఏది ఉంచాలి ఏది పారేయాలి అన్న నిర్ణయాలే తేడా చూపిస్తాయి. గుండెదడ ఎక్కడ పుడుతుందంటే, ఒక్క ఆట ఫలితాన్ని మన తెలివికి తీర్పుగా తీసుకున్నప్పుడు. పరీక్షలు, ర్యాంకులు, ఇంటర్వ్యూల మధ్య పెరిగినవాళ్ళం కాబట్టి ఈ అలవాటు మనకు కొంచెం ఎక్కువే. తప్పు జవాబుకు మార్కులు పోతాయని నేర్చుకున్నాం. సరైన జవాబు రాసినా సున్నా రావచ్చన్న పరీక్ష మనకెవరూ పెట్టలేదు.

చేతులు వణికితే ఏం చేయాలి?

వణుకు పూర్తిగా ఆగదు. ఆగాల్సిన పని కూడా లేదు. శరీరం అప్రమత్తమైనప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, వేళ్ళు కదులుతాయి. ఆటగాళ్ళ దేహభాష మీద మైక్ కారో 1984లో ఒక పుస్తకం రాశారు. ఉన్నట్టుండి చేతులు వణకడం మొదలైతే అది చాలాసార్లు బ్లఫ్‌కు కాక మంచి ముక్కలు పడ్డాయనడానికి గుర్తని ఆయన అందులో చెప్పారు. అనుభవమున్నవాళ్ళకు ఇది తెలుసు. కాబట్టి "నా భయం అందరికీ కనిపించిపోతోంది" అని కుంగిపోనక్కర్లేదు. ఎదుటివాడు మీ వణుకు చూసి మీ దగ్గర ఆసుల జత ఉందనుకునే అవకాశమే ఎక్కువ!

ఇంకొక ఉపాయం. హార్వర్డ్‌లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. పాట పాడేముందు, ఉపన్యాసం ఇచ్చేముందు, లెక్కలు చేసేముందు "శాంతంగా ఉన్నాను" అని సర్దిచెప్పుకున్నవాళ్ళకంటే "ఉత్సాహంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళు మెరుగ్గా చేశారట. కొట్టుకుంటున్న గుండెను బలవంతంగా ఆపడం కష్టం, దానికి పేరు మార్చడం తేలిక. నేను టోర్నమెంటు మొదటి అరగంటలో ఇదే చేస్తాను. గాలి మెల్లగా, బాగా సాగదీసి వదులుతాను. నాలుగైదు సార్లు అలా చేసేసరికి కళ్ళు బల్ల మీదికి వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి ఆటకూ ఒకే వరుస పాటించడం. నా వంతు వచ్చేదాకా ముక్కలు చూడను, ఎదుటివాళ్ళను చూస్తాను. వంతు రాగానే ముక్కలు ఒక్కసారి చూసి, వాటి మీద ఒక చిప్ పెడతాను. ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో ఒకసారి చూస్తాను. మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు నోరు తెరుస్తాను. పనికిరాని ముక్కలకూ ఇంతే సమయం, రాజుల జతకూ ఇంతే సమయం. ఇలా చేస్తే ఎదుటివాళ్ళకు మన వేగాన్ని బట్టి ఏమీ తెలియదు, మన మనసుకూ పట్టుకోవడానికి ఒక తాడు దొరుకుతుంది.

కంప్యూటర్ చేయనివ్వని పొరపాట్లు

ఆన్‌లైన్‌లో ఆడి వచ్చినవాళ్ళు మొదటిరోజు చేసే పొరపాట్లలో చాలావరకు ఆటకు సంబంధించినవి కావు, పద్ధతికి సంబంధించినవి. వంతు కాకుండా ఆడబోతే కంప్యూటర్ బటనే చూపించదు. బల్ల దగ్గర ఆ కాపలా ఉండదు. టోర్నమెంటు డైరెక్టర్ల సంఘం 2001లో ఏర్పడి, అన్ని చోట్లా నిబంధనలు ఒకేలా ఉండేటట్టు ప్రయత్నిస్తోంది. వాటిలో మనవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవి.

ఒకటి, ఒంటరి పెద్ద చిప్. బ్లైండ్స్ 100, 200 ఉన్నాయనుకోండి. మీరు 1000కి పెంచాలనుకుని, ఏమీ అనకుండా ఒకే ఒక్క 1000 చిప్ ముందుకు నెట్టారు. అది రెయిజ్ కాదు, 200కి కాల్ చేసినట్టే లెక్క. మిగతా 800 వెనక్కిస్తారు. "రెయిజ్" అని ముందు నోటితో అని ఉంటే ఏ గొడవా లేదు.

రెండు, విడతలుగా పెట్టడం. సినిమాల్లోలాగా "కాల్ చేస్తున్నాను... ఇంకో 2000 కూడా" అంటే కుదరదు. మొదటి మాటే చెల్లుతుంది. చిప్స్ కూడా ఏమీ చెప్పకుండా రెండు మూడు దఫాలుగా పెడితే ఒప్పుకోరు. నేను అందరికీ చెప్పే సూత్రం ఒక్కటే: నోరు ముందు, చెయ్యి తర్వాత.

మూడు, ముక్కలు కాపాడుకోవడం. ముక్కలను వదిలేసి పక్కవాళ్ళతో మాట్లాడుతుంటే డీలర్ పొరపాటున వాటిని లాగేసుకోవచ్చు. తర్వాత మొరపెట్టుకున్నా సాధారణంగా లాభం ఉండదు. ఒకచోట మా మిత్రుడొకరు ఇలాగే రాణుల జత పోగొట్టుకుని, ఆ తర్వాత గంటసేపు మామూలు మనిషి కాలేకపోయారు. ముక్కల మీద ఒక్క చిప్ ఉంచితే పోయేది.

నాలుగు, భాష. అమెరికాలో ఆట నడుస్తుండగా బల్ల దగ్గర ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఇద్దరు తెలుగువాళ్ళు ఒకే బల్లకు పడితే "ఏమండీ, ఎలా ఉంది?" అనుకోవడం సహజం. కానీ ఆట మధ్యలో అలా మాట్లాడితే సంకేతాలు ఇచ్చుకుంటున్నారని అనుమానిస్తారు, శిక్ష కూడా వేయవచ్చు. కబుర్లన్నీ విరామానికి దాచుకోండి. ఫోను కూడా అంతే.

ఐదు, చివర్లో ముక్కలు పారేయడం. ఎదుటివాడు "ఫ్లష్" అనగానే కంగారుపడి మన ముక్కలు బోర్లా తోసేయకూడదు. రెండు ముక్కలూ తిప్పి బల్ల మీద పెట్టండి. మీరు తప్పుగా చదువుకున్నా ఫరవాలేదు, తిప్పి పెట్టిన ముక్కలను బట్టే విజేతను తేలుస్తారు. కంగారులో ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి రక్షణ లేదు.

ఆరు, ఎంతకు కాల్ చేస్తున్నారో తెలుసుకోవడం. ఎవరైనా ఆల్ ఇన్ అంటే "ఎంత?" అని డీలర్‌ను లెక్కపెట్టి చెప్పమనండి. అంచనాతో కాల్ చేసి, తర్వాత మొత్తం ఎక్కువని తెలిస్తే కట్టాల్సిన బాధ్యత మీదే. అడగడానికి మొహమాటపడకండి. ఏదైనా సందేహం వస్తే "ఫ్లోర్" అని పిలవడం కూడా తప్పు కాదు. పర్యవేక్షకులు ఉన్నదే అందుకు.

పొరపాటు జరిగిపోయాక

పొరపాటు ఎంత చిన్నదైనా, దాని తర్వాతి పది నిమిషాలే అసలు ప్రమాదం. పోగొట్టుకున్నదాన్ని వెంటనే రాబట్టాలన్న తిక్కను పోకర్‌లో టిల్ట్ అంటారు. మనకిది కొత్త సంగతేమీ కాదు. ధర్మరాజు మొదటి పందెం ఓడటంతో రాజ్యం పోలేదు. ప్రతి ఓటమి తర్వాతా "ఈసారి" అనుకుంటూ ఇంకా పెద్ద పందెం ఒడ్డుతూ పోవడంతో పోయింది. కానీ ఆ కథలో మనం తక్కువగా చెప్పుకునే రెండో భాగం ఉంది. అరణ్యవాసంలో బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్పి, ఆయనకు అక్షహృదయమనే పాచికల విద్య నేర్పాడు. అజ్ఞాతవాసంలో అదే ధర్మరాజు కంకుభట్టుగా విరాటుని కొలువులో చేరి, రాజుతో జూదమాడుతూనే ఏడాది గడిపాడు. పొరపాటును అప్పటికప్పుడు దిద్దబోయి సర్వం పోగొట్టుకున్నవాడే, తీరిగ్గా కూర్చుని నేర్చుకుని తిరిగి బల్ల దగ్గర కూర్చోగలిగాడు.

దీన్ని ఆచరణలో పెట్టడం ఎలా? పొరపాటు జరగ్గానే ఒక చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోవడం మేలు: "రాణి, పది, ముందు వరసలో, రెయిజ్‌కు కాల్." అంతే, విశ్లేషణ వద్దు. రాసేశాక దాన్ని మోయాల్సిన పని పుస్తకానిది. ఆ తర్వాత ఒక్క రౌండు, అంటే తొమ్మిది ఆటలు, మంచి ముక్కలు వస్తే తప్ప ఫోల్డ్ చేయడం. రమ్మీలో ముక్కలు బాగాలేనప్పుడు 20 పాయింట్లకు డ్రాప్ అవడం మనకు తెలుసు. "ఇంకో ముక్క చూద్దాం" అని కూర్చున్నవాడే 80 పాయింట్లు కట్టుకుంటాడు. ఫోల్డ్ అంటే ఆ మొదటి డ్రాపే.

చిప్స్ బాగా తగ్గిపోయినా ఆట అయిపోయినట్టు కాదు. 1982 ప్రపంచ పోకర్ సిరీస్‌లో జాక్ స్ట్రాస్ ఒకే ఒక్క చిప్‌కు పడిపోయి, చివరికి విజేత అయ్యాడని చెప్పుకుంటారు. అలా రోజూ జరగదు. కానీ "ఎలాగూ పోయింది కదా" అని మిగిలినవి విసిరేయడానికి కారణం మాత్రం లేదు.

పొరపాటా, దురదృష్టమా?

ఇంటికొచ్చాక పుస్తకం తీసి ప్రతి పెద్ద ఆటకూ ఒకే ప్రశ్న వేసుకోవాలి: ముక్క పడకముందు, నాకు తెలిసినంతలో, ఆ నిర్ణయం సరైనదేనా? ఫలితం చూసి నిర్ణయాన్ని కొలిచే అలవాటును పోకర్ ఆటగాళ్ళు రిజల్టింగ్ అంటారని ఆనీ డ్యూక్ 2018లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు.

ఉదాహరణకు, ముక్కలు తెరవకముందే ఆసుల జతతో రాజుల జత మీద ఆల్ ఇన్ అయ్యారనుకోండి. గెలిచే అవకాశం నూటికి 82 దాకా ఉంటుంది. ఓడిపోతే అది పొరపాటు కాదు, దురదృష్టం. ఇంకో లెక్క చూడండి. ప్రతిసారీ 80 శాతం అవకాశంతోనే నాలుగుసార్లు ఆల్ ఇన్ అయ్యారు. నాలుగూ గెలిచి నిలబడే అవకాశం 41 శాతమే. అన్నీ సరిగ్గా చేసినవాడు కూడా సగానికంటే ఎక్కువసార్లు మధ్యలోనే లేచిపోతాడు!

అలాగే 2003 ప్రపంచ సిరీస్ చివరి పోరు. టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఒక్క జత కూడా లేకుండా ఆల్ ఇన్ అని బ్లఫ్ చేశాడు. శామ్ ఫార్హా తొమ్మిదుల జత పట్టుకుని, చాలాసేపు ఆలోచించి, ఫోల్డ్ చేశాడు. మనీమేకర్ 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఎదుటి ముక్కలు మనకు చూపించారు కాబట్టి ఫార్హాది ఘోరమైన తప్పని ఇప్పుడు అనేస్తాం. బల్ల మీద ఫ్లష్‌కూ స్ట్రెయిట్‌కూ దారులున్న చోట, ఒక్క జతతో టోర్నమెంటంతా పణంగా పెట్టాలా అన్నది ఆ క్షణంలో అంత తేలిక ప్రశ్న కాదు. మన ఆటలను కూడా ఇదే దయతో, ఇదే కచ్చితత్వంతో చూసుకోవాలి. దయ మాత్రమే ఉంటే అన్నీ దురదృష్టాలైపోతాయి, నేర్చుకునేది ఉండదు. కచ్చితత్వం మాత్రమే ఉంటే తర్వాతి టోర్నమెంటుకు చేతులు ఇంకా ఎక్కువ వణుకుతాయి.

డబ్బు, చట్టం, ఇల్లు

ఇవేవీ పనిచేయని సందర్భం ఒకటుంది. పోతే భరించలేని డబ్బుతో కూర్చున్నప్పుడు. ఇంటి వాయిదా నుంచో, పిల్లల చదువుల ఖాతా నుంచో తెచ్చిన డబ్బు కట్టి ఆడితే ఆ వణుకు ఆట భయం కాదు, మనసు చెబుతున్న హెచ్చరిక. శ్వాసతో దాన్ని తగ్గించబోకండి, దాని మాట వినండి. ఏడాదికి ఇంత అని ముందే ఇంట్లో కూర్చుని, భార్యాభర్తలిద్దరూ కలిసి నిర్ణయించుకుని, అది అయిపోతే ఆ ఏడాదికి ఆపేయాలి. మళ్ళీ ప్రవేశ రుసుము కట్టి వెంటనే తిరిగి చేరే సౌకర్యం చాలా టోర్నమెంట్లలో ఉంది కాబట్టి, ఎన్నిసార్లు కట్టాలో కూడా ఇంటి దగ్గరే అనుకోవాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, దేశమంతటికీ కేంద్రం 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయంటే, అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాల గోడు ఎంతగా వినిపించిందో ఊహించుకోవచ్చు. ఆపలేకపోతున్నామనిపిస్తే సిగ్గుపడకుండా సహాయం అడగండి. నార్త్ కరొలైనాలో ఇందుకు ఉచిత ఫోను సౌకర్యం ఉంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2007 తీర్పు ప్రకారం ఈ రాష్ట్రంలో డబ్బు పందెంతో పోకర్ ఆడటం నేరమే, మన ఇంటి నేలమాళిగలో ఆడినా సరే. గిరిజన ప్రభుత్వం ఆధ్వర్యంలో నడిచే చెరొకీ కాసినోకు అనుమతి ఉంది. మోరిస్‌విల్ నుంచి ఐ-40 మీద పడమరగా దాదాపు ఐదు గంటల ప్రయాణం. సరిహద్దు దాటితే వర్జీనియాలోని డాన్‌విల్ ఇంకా దగ్గర. ఇంటి దగ్గర సాధన చేయాలనుకుంటే డబ్బు లేకుండా, వట్టి చిప్స్‌తో ఆడండి. వీసా మీద ఉన్నవాళ్ళకు కేసు అనే మాటే ఎంత తలనొప్పో వేరే చెప్పనక్కర్లేదు.

చెరొకీ వెళ్ళేవాళ్ళు ముందురోజు రాత్రికే చేరుకుని నిద్రపోండి. ఐదు గంటలు కారు నడిపి నేరుగా బల్ల దగ్గర కూర్చుంటే సగం పొరపాట్లు అలసటవే. విరామంలో కాఫీలు తగ్గించి నీళ్ళు తాగండి. వెంట ఒక డబ్బా పెరుగన్నం తీసుకెళ్ళినా నవ్వేవాళ్ళెవరూ లేరు. ఇంటి దగ్గర నలుగురు మిత్రులు కలిస్తే, వెళ్ళేముందు ఒక సాయంత్రం పైన చెప్పిన ఆరు నిబంధనలూ పాటిస్తూ, ఒకరు డీలర్‌గా కూర్చుని, వట్టి చిప్స్‌తో ఆడి చూడండి. ఏ పుస్తకమూ ఇవ్వని ధైర్యం ఆ రెండు గంటల్లో వస్తుంది. ఆడబోయే వాళ్ళందరికీ శుభాకాంక్షలు!